నాన్నకి ఎలక్ట్రిక్ షేవర్: ఏది కొనాలి, ఎలా చూసుకోవాలి?

కోనసీమ కుర్రాడు
జనవరి 9, ఉదయం 7:20

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 67 ఏళ్లు. అమలాపురం దగ్గర పల్లెలో ఉంటారు, నేను పుణేలో ఉద్యోగం చేస్తున్నాను. పోయిన ఏడాది ఆయనకి గుండె వాల్వు మార్చారు. అప్పటి నుంచి రక్తం పలచన చేసే వార్ఫరిన్ మాత్ర రోజూ వేసుకుంటున్నారు.

నలభై ఏళ్లుగా రోజు విడిచి రోజు, అరుగు మీద చిన్న అద్దం పెట్టుకుని రేజరుతో తనే గడ్డం గీసుకునే మనిషి. పోయిన వారం దవడ కింద చిన్న గాటు పడింది. దూది పెట్టినా ముప్పావు గంట వరకు రక్తం ఆగలేదు. అమ్మ ఫోన్లో ఏడుస్తుంటే ఇక్కడ నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్తున్నాను. ఈసారి షేవర్ పట్టుకునే వెళ్లాలి. గుండ్రటి తలలు మూడు ఉండేవి ఒక రకం, జల్లెడ లాంటి పొడుగు రేకు ఉండేవి ఇంకో రకం కనిపిస్తున్నాయి. ట్రిమ్మరు చాలంటున్నాడు తమ్ముడు. బడ్జెట్ 6000 లోపు. నాన్న గడ్డం పూర్తిగా తెల్లబడింది, మెడ మీద చర్మం వదులైంది, వేళ్లలో కొంచెం వణుకు ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

నైట్ డ్యూటీ
జనవరి 9, ఉదయం 8:05

తమ్ముడూ, ముందు టెన్షన్ పడకు. గుండె ఆపరేషన్ల వార్డులో పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. వార్ఫరిన్ వాడేవాళ్లకి డిశ్చార్జి రోజు మేం తప్పకుండా చెప్పే మాట ఇది: మెత్తటి బ్రష్‌తో పళ్లు తోముకోండి, గడ్డానికి బ్లేడు మానేసి ఎలక్ట్రిక్ షేవర్ వాడండి. మాత్రల వేళలు అందరూ గుర్తు పెట్టుకుంటారు, ఈ మాట మాత్రం ఇంటికెళ్లేసరికి మర్చిపోతారు.

షేవర్‌లో కత్తి చర్మానికి నేరుగా తగలదు, మధ్యలో పల్చటి రేకు ఉంటుంది. అందుకే గాటు పడడం బాగా తక్కువ. అసలు పడదని కాదు. రేకు చిరిగితే లోపలి కత్తి కోస్తుంది, అది గుర్తుంచుకో.

మళ్లీ ఎప్పుడైనా గాటు పడితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోవాలి. మధ్యలో ఎత్తి చూడకూడదు, చూసిన ప్రతిసారీ గడ్డకట్టిన రక్తం ఊడొస్తుంది. అప్పటికీ ఆగకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ముప్పావు గంట ఆగలేదంటే ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసేది) చేయించి ఎన్నాళ్లయిందో చూసుకోండి, డాక్టరు గారికి ఈ సంగతి చెప్పండి. మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు. వాల్వు మార్చిన మనిషికి అది గాటు కంటే పెద్ద ప్రమాదం.

చెరువుగట్టు మాస్టారు
జనవరి 9, ఉదయం 9:40

బాబూ, 1986లో మా బావమరిది మస్కట్ నుంచి తెచ్చిచ్చిన షేవర్‌తో మొదలుపెట్టాను. ఇప్పుడు వాడుతున్నది నాలుగోది. రెండు రకాలూ వాడాను కాబట్టి చెబుతున్నాను.

గుండ్రటి తలల రకం హాలండ్ నుంచి వచ్చింది. 1939లో ఫిలిప్స్ కంపెనీ మొదటిది తెచ్చినప్పుడు దానికి ఒక్కటే తల. 1951లో రెండయ్యాయి, 1966లో మూడయ్యాయి. సన్నటి చీలికలున్న మూత కింద చిన్న చక్రంలా కత్తి తిరుగుతుంది. రేకు రకం పని వేరు. చిల్లులున్న పల్చటి రేకు కింద కత్తుల వరస అటూ ఇటూ ఊగుతుంది. బ్రాన్, పానాసోనిక్ వాళ్లవి ఎక్కువగా ఈ రకం. చిల్లులోంచి దూరిన వెంట్రుక తెగుతుంది. దూరనిది అలాగే ఉండిపోతుంది, కొనేటప్పుడు ఆలోచించాల్సింది ఇదే. రోజూ గీసుకునేవాళ్ల వెంట్రుక పొట్టిగా, నిటారుగా ఉంటుంది కాబట్టి రేకు చిల్లులో చక్కగా దూరుతుంది. రెండు మూడు రోజులు వదిలేస్తే వాలిపోతుంది, అప్పుడు రేకు దాని మీదుగా జారిపోతుంది. గుండ్రటి తల చీలికలు అలాంటి వాలిన వెంట్రుకని కొంత మేలుగా పట్టుకుంటాయి.

మీ నాన్నగారు రోజు విడిచి రోజు చేసుకుంటారు, చేతిలో వణుకు ఉందంటున్నారు. రేకు రకాన్ని చర్మానికి నిలువుగా పట్టి వెంట్రుక వాలుకి ఎదురుగా తిన్నగా లాగాలి. గుండ్రటిదైతే చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పుకుంటూ పోవచ్చు, చెయ్యి కొద్దిగా అటూ ఇటూ అయినా పర్వాలేదు. ఆయనకి గుండ్రటిదే నయమని నా అభిప్రాయం.

ట్రిమ్మరు సంగతి. అది చర్మం మీద అర మిల్లీమీటరు దాకా వెంట్రుక వదిలేస్తుంది. గరుకు గడ్డం పర్వాలేదనుకునే కుర్రాళ్లకి చాలు. నలభై ఏళ్లు నున్నగా గీసుకున్న మనిషికి అది గడ్డం చేసుకున్నట్టే ఉండదు.

డాలస్ నుంచి
జనవరి 9, ఉదయం 10:30

మాస్టారి మాటతో ఒక్కచోట విభేదిస్తున్నాను. మా మామగారిది కూడా వదులైన మెడ. గుండ్రటి తల గట్టిగా నొక్కితే ఆ ముడతలు చీలికల్లోకి దూరి చురుక్కుమనేవి, ఎర్రటి మచ్చలు పడేవి. రేకు రకానికి మారాక ఆ బాధ తగ్గింది. చర్మం సున్నితమైనదైతే రేకే మేలు. రోజు విడిచి రోజు కాకుండా రోజూ చేసుకోమంటే సరిపోతుంది కదా?

చెరువుగట్టు మాస్టారు
జనవరి 9, ఉదయం 11:10

మీరన్నది నిజమే, వదులు చర్మాన్ని గుండ్రటి తల నొక్కుతుంది. అందుకే ఎడమ చేత్తో చర్మాన్ని కిందికి లాగి బిగువుగా పట్టుకుని, షేవర్ని ఆనించీ ఆనించనట్టు నడపాలి. రేజరు అలవాటున్నవాళ్లు తెలియకుండానే అదుముతారు. ఏ రకమైనా మంటకి మొదటి కారణం ఆ అదుమే. ఇక అలవాటు మార్చడం అంటారా, ఆ వయసులో మన అలవాటుకి తగిన వస్తువు వెతుక్కోవడమే తేలిక.

వరంగల్ వైండింగ్
జనవరి 9, మధ్యాహ్నం 1:45

అన్నా, నేను మిక్సీలు, ట్రిమ్మర్లు, షేవర్లు బాగు చేస్తాను. పందొమ్మిదేళ్ల అనుభవంతో ఒక్కటే మాట చెప్తా. షేవర్ కొనే ముందు దాని తల విడిగా దొరుకుతుందా, ఎంతకి దొరుకుతుందో చూడండి. మోటరు ఏళ్ల తరబడి నడుస్తుంది. అరిగేది తల. నా దగ్గరికి వచ్చే షేవర్లలో సగానికి మోటరు బాగానే ఉంటుంది, తల మాత్రం చచ్చి ఉంటుంది. ఆ మోడల్ తల ఎక్కడా దొరకక మంచి మిషను చెత్తబుట్టలో పడేయాల్సి వస్తే నాకే ప్రాణం ఒప్పదు.

కంపెనీలు చెప్పే లెక్క ఇది: ఫిలిప్స్ తలలు రెండేళ్లకి, బ్రాన్ కేసెట్ (రేకు, కత్తులు కలిసి ఒకే ముక్కగా వచ్చే తల) ఏడాదిన్నరకి, పానాసోనిక్ బయటి రేకు ఏడాదికి, లోపలి కత్తులు రెండేళ్లకి మార్చాలి. పల్చటి తెల్ల గడ్డానికి ఇంకొన్నాళ్లు రావచ్చు, ముతక గడ్డానికి ముందే పోవచ్చు. తల ధర షేవర్ ధరలో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. కాబట్టి అయిదేళ్ల ఖర్చు వేసుకుని కొనండి. ఆఫర్లో సగం ధరకి వచ్చే తెలియని పేరు షేవర్‌కి ఏడాది తర్వాత తల దొరకకపోతే అది చవక కాదు.

తల మీదో, వాడకం పుస్తకంలోనో నంబరు ఉంటుంది. బ్రాన్ సిరీస్ 3కి 32బి, ఫిలిప్స్ వాటికి ఎస్‌హెచ్‌తో మొదలయ్యేవి, ఇలా. కొన్న రోజే రాసిపెట్టుకోండి. నకిలీ తలలు కూడా తిరుగుతున్నాయి, అచ్చు అసలు డబ్బా లాగే ఉంటాయి. కొత్త తల పెట్టిన వారానికే వెంట్రుక పీకుతోందంటే అనుమానించాల్సిందే.

ఉప్పల్ బోరు నీళ్లు
జనవరి 9, రాత్రి 9:15

నేను చేసిన పొరపాటు ఇంకెవరూ చేయకూడదని రాస్తున్నాను. రెండేళ్ల కింద షేవర్ కొన్నాను. తలకి నూనె వేయాలని ఎక్కడో చదివి, ఇంట్లో ఉందని కొబ్బరినూనె చుక్కలు వేశాను. వేసవి అంతా బాగానే నడిచింది. డిసెంబరులో ఒక పొద్దున ఆన్ చేస్తే మూలిగి ఆగిపోయింది. విప్పి చూస్తే నూనె పేరుకుపోయి, వెంట్రుకల పొడి అందులో కలిసి ముద్దలా గట్టిపడి ఉంది.

ఇంకో సమస్య మా బోరు నీళ్లు. కడిగిన ప్రతిసారీ రేకు మీద తెల్లటి పొర కడుతోంది. చిల్లులు పూడుకుపోయి గడ్డం తెగడం లేదు. ఏం చెయ్యాలి?

వరంగల్ వైండింగ్
జనవరి 9, రాత్రి 10:00

కొబ్బరినూనె 24, 25 డిగ్రీల కిందికి రాగానే గడ్డకడుతుంది అన్నా, చలికాలం ఆదిలాబాద్ వాళ్లని అడిగితే చెప్తారు. వంటనూనె కూడా వద్దు, అది జిగురవుతుంది. కుట్టుమిషను నూనె తీసుకోండి. ఒక్కో రేకు మీద, లేదంటే ఒక్కో గుండ్రటి తల మీద ఒక్క చుక్క. అర నిమిషం నడిపి, పైకి వచ్చిన నూనెని మెత్తటి కాగితంతో అద్దేయాలి. సబ్బుతో కడిగినప్పుడల్లా ఉన్న నూనె పోతుంది కాబట్టి, తల బాగా ఆరాక వారానికోసారైనా వేయండి. నూనె లేకుండా ఇనుము మీద ఇనుము రాసుకుంటే తల వేడెక్కుతుంది, ఆ వేడికే చర్మం మండుతుంది. చాలామంది దాన్ని చర్మం సమస్య అనుకుని క్రీములు కొంటారు.

తెల్ల పొర నీళ్లలోని సున్నం. తల విడిగా తీసి తెల్ల వెనిగర్ సగం, నీళ్లు సగం కలిపి పది నిమిషాలు ఉంచండి, మంచి నీళ్లతో కడిగి ఆరబెట్టి నూనె వేయండి. ఎక్కువసేపు వదిలేస్తే రేకు పూత పోతుంది. ఇక నుంచి ఆఖరి కడుగు ఒక గ్లాసు తాగే నీళ్లతో చేయండి, పొర పట్టడం చాలావరకు ఆగిపోతుంది. రేకుని బ్రష్‌తో మాత్రం ఎప్పుడూ రుద్దొద్దు. సింకు అంచుకేసి తట్టొద్దు. అది వెంట్రుక మందాన ఉంటుంది, ఒక్క తట్టుకే నొక్కు పడుతుంది.

మాల తీసిన గడ్డం
జనవరి 15, సాయంత్రం 6:30

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. 41 రోజుల దీక్ష పూర్తయి నిన్న మాల తీశాను. రింగులు తిరిగే గట్టి గడ్డం నాది. రేజరుతో గీసుకుంటే మెడ మీద ఎర్రటి పొక్కులు, కొన్నిట్లో చీము. ఈసారి షేవర్ వాడదామని ఈ పొద్దున పెడితే ఒకటే పీకుడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. షేవర్ పాడైందా?

చెరువుగట్టు మాస్టారు
జనవరి 15, రాత్రి 7:10

స్వామీ, షేవర్ పాడవలేదు. నలభై రోజుల గడ్డం మీద ఏ షేవరూ పనిచేయదు. ముందు ట్రిమ్మరుతో దువ్వెన పెట్టకుండా పొట్టిగా తీసేయండి. ఆ మిగిలిన గరుకు మీద షేవర్ నడపండి.

నైట్ డ్యూటీ
జనవరి 15, రాత్రి 11:50

ఆ పొక్కుల సంగతి నేను చెబుతాను. రింగుల వెంట్రుకని రేజరు చర్మం లోపలికంటా కోస్తుంది. తెగిన కొస వంకరగా తిరిగి పైకి రాకుండా చర్మంలోకే పెరుగుతుంది. అదే పొక్కు. అలాంటి గడ్డం ఉన్నవాళ్లకి మరీ నున్నగా రావడమే చేటు. షేవర్ కొంచెం పైన కోస్తుంది కాబట్టి మీకు మంచిదే, కానీ ఉన్న పొక్కులు తగ్గేదాకా ట్రిమ్మరుతో ఆగిపోండి. చీము ఉన్నచోట షేవర్ నడిపితే అది మొహమంతా అంటుతుంది. రెండు మూడు వారాల్లో తగ్గకపోతే చర్మం డాక్టరుకి చూపించుకోండి. ఇంకో మాట, షేవర్ ఇంట్లో ఒకరిది ఇంకొకరు వాడొద్దు. కంటికి కనబడని గాట్లలోంచి హెపటైటిస్ బి, సి లాంటివి కూడా పాకగలవు. అన్నదమ్ములైనా సరే.

కోనసీమ కుర్రాడు
జనవరి 18, ఉదయం 6:50

అందరి మాటా విని గుండ్రటి తలలు మూడు ఉన్న, నీళ్లతో కడగగలిగే ఫిలిప్స్ షేవర్ తీసుకున్నాను. కొనే ముందు తలల నంబరు వెతికి, దొరుకుతున్నాయని చూశాకే డబ్బు కట్టాను. భోగి నాడు నాన్న మొదటిసారి వాడారు. గాటు లేదు, రక్తం లేదు. కానీ ఆయనకి నచ్చలేదు. చేత్తో తడుముకుని, సగం గడ్డం అక్కడే ఉంది కదరా అన్నారు. మెడ మీద ఎర్రబడింది. కనుమ నాడు మళ్లీ రేజరు తీయబోతే అమ్మ దాన్ని దాచేసింది. నేను రేపు పుణే వెళ్లిపోతాను. ఏం చెయ్యాలో చెప్పండి.

చెరువుగట్టు మాస్టారు
జనవరి 18, ఉదయం 8:20

ఇది అందరికీ జరిగేదే. మొదటి మూడు నాలుగు వారాలు చర్మానికీ గడ్డానికీ అలవాటు పడే కాలం. మధ్యలో రేజరు వాడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అమ్మగారు చేసిన పనే సరైనది.

స్నానానికి ముందు చేసుకోమనండి. వేడినీళ్ల స్నానం అవగానే చర్మం ఉబ్బి వెంట్రుక మొదలు లోపల దాక్కుంటుంది, కనీసం పావుగంట ఆగాలి. మీ కోనసీమ ఉక్కకి మొహం ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. ఆ జిడ్డు మీద తల జారదు, పట్టుకుంటుంది. పొడిగుడ్డతో తుడుచుకుని కొద్దిగా టాల్కం పౌడరు పూసుకుంటే హాయిగా నడుస్తుంది. పౌడరు వాడితే ఆరోజు తలని తప్పకుండా కడగాలి. మెడతో మొదలుపెట్టమనండి. తల వేడెక్కకముందే సున్నితమైన చోటు అయిపోతుంది. మెడ మీద వెంట్రుక ఎటు వాలిందో వేలితో తడిమి చూసుకోవాలి, చాలామందికి చెవి కిందొక సుడి ఉంటుంది, అక్కడ పై నుంచి కిందికి రావాలి. ఒకేచోట పదిసార్లు తిప్పకూడదు. మిగిలిన రెండు వెంట్రుకలూ రేపటికి వదిలేయడమే మంచిది.

డాలస్ నుంచి
జనవరి 18, ఉదయం 9:05

మీ షేవర్ తడి మొహం మీద వాడేదే అయితే కొంచెం షేవింగ్ జెల్ రాసుకుని కూడా ప్రయత్నించమనండి. మా మామగారికి దాంతోనే మంట తగ్గింది. నున్నదనం కొంచెం తగ్గినా చర్మానికి సుఖం. జెల్ వాడేటప్పుడు చార్జింగు వైరు తీసి ఉండాలి, అది మర్చిపోవద్దు.

వరంగల్ వైండింగ్
జనవరి 18, మధ్యాహ్నం 12:30

కడగడం గురించి ఒకటి. గుండ్రటి తలలు విప్పినప్పుడు ఒక్కో కత్తి ఏ మూతలోంచి తీశారో అందులోనే తిరిగి పెట్టాలి. ఆ రెండూ ఒకదానికొకటి రాసుకుని జతగా అరుగుతాయి. తారుమారైతే మళ్లీ సర్దుకోవడానికి వారాలు పడుతుంది, అప్పటిదాకా వెంట్రుక పీకుతుంది. పెద్దవాళ్లకి నేను చెప్పేది, అన్నీ ఒకేసారి విప్పొద్దు, ఒక్కోటీ విప్పి కడిగి పెట్టేసి ఇంకోటి ముట్టుకోండి. కడిగాక మూత తెరిచే ఆరబెట్టండి, తడిగా మూసేస్తే వాసన పడుతుంది.

చార్జరు కూడా దానిదే వాడాలి. ఒకే కంపెనీ పాత మోడల్‌కి 15 వోల్టులు, కొత్త మోడల్‌కి 4.3 వోల్టులు ఉండడం చూశాను, పిన్ను చూస్తే దగ్గర దగ్గరగా ఉంటుంది. తప్పు చార్జరు పెట్టి బోర్డు కాల్చుకుని వచ్చేవాళ్లు నెలకొకరైనా ఉంటారు. కరెంటు హెచ్చుతగ్గులుండే ఊళ్లో రాత్రంతా గోడకి వదిలేయొద్దు, నిండగానే తీసేయండి.

ఉప్పల్ బోరు నీళ్లు
జనవరి 25, ఉదయం 10:15

వెనిగర్ పని చేసింది. ఒక్కసారికే రేకు మెరిసింది, చిల్లులు వెలుగులోకి పెట్టి చూస్తే అన్నీ తెరుచుకున్నాయి. ఒక మూల మాత్రం చిన్న చీలిక కనబడింది, వేలితో రాస్తే గీరుకుంటోంది. నైట్ డ్యూటీ అక్క రాసింది గుర్తొచ్చి వాడటం ఆపేసి కొత్త రేకుకి ఆర్డరు పెట్టాను. మీ నాన్నగారి షేవర్‌ని కూడా నెలకోసారి ఎవరైనా వెలుగులో చూడాలి, పెద్దవాళ్ల కంటికి ఆ చీలిక ఆనదు.

కోనసీమ కుర్రాడు
ఫిబ్రవరి 16, సాయంత్రం 5:40

నెల దాటింది, అందుకే రాస్తున్నాను. రెండో వారం దాకా నాన్న రోజూ సణిగారు. మూడో వారం నుంచి మెడ ఎర్రబడడం తగ్గింది. జెల్ ఆయనకి నచ్చలేదు, పౌడరే బాగుందట. నిన్న వీడియో కాల్‌లో చెంప దగ్గరగా పెట్టి చూపించారు. రేజరంత నున్నగా లేదనే అంటున్నారు, కానీ మళ్లీ రేజరు అడగలేదు. ఐఎన్ఆర్ కూడా చూపించాం, ఎక్కువ ఉందని డాక్టరు గారు మోతాదు సరిచేశారు. అక్కా, మీరు ఆ మాట చెప్పకపోతే మేం ఇంకో నెల ఆగేవాళ్లం.

ఆదివారం ఆదివారం అమ్మే తల కడిగి, తన కుట్టుమిషను సీసాలోంచే నూనె చుక్కలు వేస్తోంది. వెలుగులోకి పెట్టి చూసేది కూడా ఆవిడే. తలల నంబరు ఫొటో తీసి ఆమె ఫోన్‌లో పెట్టాను. ఒక్కటి అడగాలి. నాన్న వచ్చే నెల అక్కయ్య దగ్గరికి విమానంలో వెళ్తున్నారు. షేవర్ ఏ సంచీలో పెట్టాలి?

డాలస్ నుంచి
ఫిబ్రవరి 16, రాత్రి 8:00

లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది కాబట్టి చేతి సంచీలోనే పెట్టమనండి. తాళం మీట ఉంటే వేసేయాలి, లేదంటే సంచీలో దానంతట అదే ఆన్ అయి బ్యాటరీ అయిపోతుంది. విదేశమైతే చార్జరు మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉందేమో చూడండి. ఉంటే పిన్ను మార్చే అడాప్టరు ఒక్కటి చాలు.

వరంగల్ వైండింగ్
ఫిబ్రవరి 16, రాత్రి 8:25

నూనె సీసా మాత్రం ఇంట్లోనే ఉంచమనండి అన్నా. బయల్దేరే ముందు రోజు ఒక్కో తలకి ఒక చుక్క వేసి పంపితే వారం పాటు ఢోకా లేదు.